కొత్త పోప్ ఎన్నిక: పెదవేగి పేటల్లో మిగిలిన ప్రశ్న

రోమ్ నగరంలోని సిస్టీన్ ప్రార్థనాలయం పొగగొట్టం నుంచి 2025 మే 8వ తేదీన తెల్లని పొగ వెలువడేసరికి మన గడియారాల్లో రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ప్రపంచంలోని దాదాపు 140 కోట్ల మంది కథోలిక క్రైస్తవులకు కొత్త పోప్ దొరికారని ఆ పొగకు అర్థం. ఆ వేళకు తెలుగు ఇళ్లలో టీవీలు సరిహద్దు వార్తలతో మారుమోగిపోతున్నాయి. కార్డినళ్లు ఓటింగు కోసం తలుపులు మూసుకున్న మే 7వ తేదీనే మన సైన్యం 'ఆపరేషన్ సిందూర్' చేపట్టింది. యుద్ధం ముదురుతుందా, ఆగుతుందా అన్న ఆందోళనలో రోమ్ వార్తను పట్టించుకున్నవారు తక్కువ.

అయితే ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి మండలంలోనూ, దక్షిణాన కొల్లేటి దరి గ్రామాల్లోనూ ఉన్న కథోలిక కుటుంబాలకు అది పరాయి వార్త కాదు, ఇంటి వార్త. ఊరి చివర పేటలో ఆర్.సి.ఎం. చర్చి, దాని పక్కనే ఆర్.సి.ఎం. బడి ఈ ప్రాంతం వారందరూ ఎరిగిన దృశ్యమే. ఆ చర్చికి పెద్ద ఏలూరు పీఠాధిపతి. ఆయనకు పైన రోమ్‌లో పోప్. ఆ పై కుర్చీలోకి కొత్త మనిషి వస్తే కింద పేటలో ఏం మారుతుంది? సంబరం సర్దుమణిగాక కథోలికుల ముందు నిలిచిన ప్రశ్న ఇదే. ఈ ప్రశ్నలో ఒక ముఖ్యమైన భాగం ముస్లింలకు కూడా సంబంధించినదే కనుక దాన్ని కాస్త నిదానంగా పరిశీలించడం అవసరం.

పోప్ ఎవరికి పెద్ద?

క్రైస్తవులందరికీ పోపే గురువని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారెవరికీ పోప్‌తో నిమిత్తం లేదు. మచిలీపట్నం, ఏలూరు కేంద్రాలుగా 19వ శతాబ్దంలో పనిచేసిన ఇంగ్లీషు మిషనరీల వారసత్వం సి.ఎస్.ఐ.ది. కథోలికుల చరిత్ర వేరు. ఈ ప్రాంతంలో వారి చర్చిలను విస్తరించినవారు ఎక్కువగా ఇటలీ నుంచి వచ్చిన గురువులు. గుణదల మరియమాత క్షేత్రం కూడా వారి కాలంలో మొదలైనదే. ఏలూరు మొదట విజయవాడ మేత్రాసనంలో భాగంగా ఉండేది. 1976లో అది విడివడి ప్రత్యేక మేత్రాసనమైంది. మేత్రాసనం అంటే ఒక పీఠాధిపతి పరిధి. జాన్ ములగాడ దాని తొలి పీఠాధిపతి.

కథోలికుల పూజలో ఒక పద్ధతి ఉంది. ప్రపంచంలో ఏ మూల దివ్యపూజ జరిగినా ప్రార్థనలో ఇద్దరి పేర్లు చదువుతారు. ఒకటి పోప్ పేరు, రెండవది స్థానిక పీఠాధిపతి పేరు. 2025 ఏప్రిల్ 21న, ఈస్టర్ మరునాడు, పోప్ ఫ్రాన్సిస్ కన్నుమూశారు. ఆ రోజు నుంచి కొత్త పోప్ ఎన్నికయ్యేదాకా మొదటి పేరు చదవలేదు. ఆ తర్వాత అదే చోట లియో పేరు వచ్చింది. జుమా ఖుత్బాలో ఖలీఫా పేరు చదివిన రోజుల గురించి పెద్దల వల్ల విన్నవారికి ఈ పద్ధతి సులువుగానే అర్థమవుతుంది. ఉస్మానియా ఖిలాఫత్ 1924లో రద్దయినప్పుడు హైదరాబాదు నుంచి బెజవాడ దాకా ముస్లింలు ఎందుకు కలత చెందారో తెలిసినవారికి, ఎక్కడో రోమ్‌లో ఉన్న ఒక పెద్ద కోసం పెదవేగి పేటలో ప్రార్థన ఎందుకు జరుగుతుందో విడమరచి చెప్పనక్కర లేదు.

ఓటు ఎవరిది?

పోప్‌ను ఎన్నుకునేది 80 ఏళ్లు నిండని కార్డినళ్లు మాత్రమే. 2025 మేలో 133 మంది కార్డినళ్లు ఓటు వేశారు. గెలవడానికి మూడింట రెండు వంతుల మద్దతు, అంటే 89 ఓట్లు కావాలి. నాలుగో విడత ఓటింగులో కార్డినల్ రాబర్ట్ ఫ్రాన్సిస్ ప్రెవోస్ట్ ఎన్నికై 14వ లియో అనే పేరు స్వీకరించారు. ఆయన 1955లో అమెరికాలోని షికాగోలో జన్మించారు. అగస్టీనియన్ సభకు చెందినవారు. అనేక సంవత్సరాలు పెరూ దేశపు పేదల మధ్య పనిచేసి, అక్కడి చిక్లాయో పీఠాధిపతి అయ్యారు. అమెరికా నుంచి పోప్ కావడం చరిత్రలో ఇదే మొదటిసారి.

ఓటు వేసిన 133 మందిలో భారతీయులు నలుగురు. వారిలో ఒకరు తెలుగువారు. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కర్నూలు ప్రాంతంలో 1961లో పుట్టారు. 2008లో కర్నూలు పీఠాధిపతిగా, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమితులయ్యారు. పోప్ ఫ్రాన్సిస్ ఆయనను 2022 ఆగస్టులో కార్డినల్‌ను చేశారు. కార్డినల్ హోదా పొందిన తొలి తెలుగువాడు ఆయనే, తొలి దళితుడూ ఆయనే. ఊరికి దూరంగా పేటలో పుట్టిన కులాల నుంచి వచ్చిన ఒక మనిషి సిస్టీన్ ప్రార్థనాలయంలో కూర్చుని పోప్‌ను ఎన్నుకోవడం చిన్న విషయం కాదు. దళిత కథోలికులు గర్వపడ్డారంటే అందులో ఆశ్చర్యమేమీ లేదు.

అయినా లెక్క చూడాలి కదా! తెలుగు రాష్ట్రాలు రెండింటికీ కలిపి ఒక్క ఓటు. సామాన్య విశ్వాసికి ఓటు లేదు. గురువుకు లేదు. బడుల్లో, ఆస్పత్రుల్లో జీవితమంతా ధారపోసే మఠకన్యలకు అసలే లేదు. ఏలూరులో 1953లో మొదలైన సెయింట్ థెరిసా మహిళా కళాశాల తరతరాల ఆడపిల్లలకు చదువు చెప్పింది. దాన్ని ఆ స్థాయికి తెచ్చింది మఠకన్యలే. అలాంటివారి మాట కూడా పోప్ ఎన్నికలో వినబడదు. ఇది ప్రజాస్వామ్యం కాదని కథోలిక చర్చి కూడా దాచుకోదు. ఎన్నిక దైవప్రేరణతో జరుగుతుందని వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని తప్పుపట్టడం మన పని కాదు. ఓటు లేనివారు ప్రశ్న అడిగే దారి ఎక్కడుందన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

పదిహేడు రోజులు, నాలుగేళ్లు

పోప్ ఫ్రాన్సిస్ మరణించిన పదిహేడు రోజులకల్లా రోమ్‌లో ఖాళీ భర్తీ అయింది. ఏలూరు సంగతి చూడండి. తొలి పీఠాధిపతి జాన్ ములగాడ 2009లో కన్నుమూశారు. ఆ తర్వాత పొలిమేర జయరావు పీఠాధిపతిగా నియమితులైంది 2013లో. దాదాపు నాలుగేళ్లు ఏలూరు మేత్రాసనం సొంత పీఠాధిపతి లేకుండా, తాత్కాలిక పాలన కింద గడిచింది. ఇంత ఆలస్యమెందుకని పేటలోని విశ్వాసి ఎవరినడగాలి? అడిగితే జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరిది?

పీఠాధిపతి నియామకం జరిగే తీరు ఇది. ఢిల్లీలోని పోప్ రాయబారి రహస్యంగా కొందరి అభిప్రాయాలు సేకరిస్తారు. సాధారణంగా మూడు పేర్లు రోమ్‌కు పంపుతారు. అక్కడి విభాగం పరిశీలించాక పోప్ ఒకరిని ప్రకటిస్తారు. కొత్త పోప్ లియో ఎన్నికకు ముందు రెండేళ్లపాటు పీఠాధిపతుల నియామకాలు చూసే విభాగానికే అధిపతి. కనుక ఈ లోటుపాట్లు ఆయనకు బాగా తెలుసునని ఆశించవచ్చు. కాకపోతే ఒక మెలిక ఉంది. మన తెలుగు మేత్రాసనాలను రోమ్ నేటికీ మిషన్ ప్రాంతాలుగానే పరిగణిస్తుంది. ఇక్కడి నియామకాలు ఆయన నడిపిన విభాగం ద్వారా కాక సువార్త ప్రచార విభాగం ద్వారా జరుగుతాయి. ఇప్పుడు రెండు విభాగాలూ ఆయన కిందికే వచ్చాయి కాబట్టి, అధికారం లేదనే మాటకు మాత్రం తావు లేదు.

పోప్ లియోకు మన దేశం కొత్త కాదు. అగస్టీనియన్ సభ పెద్దగా ఉన్న రోజుల్లో 2004లోనూ 2006లోనూ కేరళకు వచ్చి వెళ్లారు. తెలుగు నేలకు మాత్రం పోప్‌ల రాక ఇంతవరకూ లేదు. రెండవ జాన్ పాల్ 1986లో దేశమంతా తిరిగి మద్రాసు దాకా వచ్చినా ఇటువైపు రాలేదు. ఆయన రాకపోతే పోనీయండి. పేటల గోడు అక్కడికి చేరుతోందా అన్నదే ముఖ్యం.

పేరు చెప్పే కబురు

పోప్ తనకు తాను ఎంచుకునే పేరులో ఒక సందేశం ఉంటుంది. లియో అనే పేరు ఎందుకు తీసుకున్నారో ఎన్నికైన రెండో రోజునే, మే 10న, ఆయన కార్డినళ్లకు వివరించారు. 13వ లియో 1891లో 'రేరుమ్ నోవారుమ్' అనే లేఖ వెలువరించారు. యంత్రాలు వచ్చి కార్మికుల బతుకులు చితికిపోతున్న రోజులవి. కూలివాడికి కుటుంబం గడిచేంత వేతనం న్యాయంగా అందాలని, కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు ఉందని ఆ లేఖ చెప్పింది. సొంత ఆస్తి హక్కును సమర్థిస్తూనే, యజమాని కూలివాణ్ణి బానిసగా చూడరాదని హెచ్చరించింది. నేడు కృత్రిమ మేధ వల్ల పనివారికి అలాంటి గడ్డురోజులే వస్తున్నాయని కొత్త పోప్ అభిప్రాయం. అదే సంవత్సరం అక్టోబరులో పేదల పట్ల ప్రేమ గురించి 'దిలెక్సీ తే' అనే సందేశాన్ని కూడా విడుదల చేశారు.

ఈ మాటలు పెదవేగికి ఎలా అన్వయిస్తాయి? శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు వేంగి పేరుతో రాజధానిగా చేసుకుని ఏలిన ఊరది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పామాయిల్ తోటలు. ఆయిల్ పామ్ పరిశోధనకు జాతీయ సంస్థ వెలసింది కూడా అక్కడే. ఇటు కొల్లేటివైపు వస్తే కనుచూపు మేర చేపల చెరువులు. గెలలు కోసేవారు, చెరువు గట్ల మీద కావలి కాసేవారు, వలలు లాగేవారు చాలావరకు సొంత భూమి లేని కూలీలు. వారిలో పేటల కథోలికులు ఉన్నారు, ముస్లింలు ఉన్నారు, హిందువులు ఉన్నారు. 'రేరుమ్ నోవారుమ్' రాసి నూట ముప్పయి ఏళ్లు దాటినా వీరి కూలి రేటును నిర్ణయించేది సీజనూ, మేస్త్రీనే.

పోప్ మాటకు మొదటి పరీక్ష చర్చి సొంత సంస్థల్లోనే జరుగుతుంది. తమ బడిలో పంతులమ్మకు, తమ ఆస్పత్రిలో నర్సుకు న్యాయమైన జీతం ఇస్తున్నారా అని కథోలికులు తమను తాము ప్రశ్నించుకోవాలి. ఈ ప్రశ్న ఒక్క చర్చికే కాదు, బడులూ ఆస్పత్రులూ నడిపే ఏ మతసంస్థకైనా వర్తిస్తుంది.

గుడి లోపలి కులం

దేశంలోని కథోలికుల్లో ఎక్కువమంది దళితులే. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత గురించి ఒక విధాన పత్రం విడుదల చేసింది. దేశంలోని సుమారు 1.9 కోట్ల మంది కథోలికుల్లో 1.2 కోట్ల మంది దళితులని అందులో పేర్కొన్నారు. చర్చిలో అంటరానితనం కొనసాగుతోందని, నాయకత్వంలో దళితుల వాటా బహు స్వల్పమని ఆ పత్రంలోనే ఒప్పుకున్నారు. అంతకుముందు 2003లో తమిళనాడు పీఠాధిపతులతో మాట్లాడుతూ రెండవ జాన్ పాల్ కూడా కులవివక్షను గట్టిగా ఖండించారు.

తెలుగునాట కథోలికుల్లో రెడ్లు, కమ్మవారు ఉన్నారు, మాల మాదిగలూ ఉన్నారు. మతం ఒకటే అయినా పెళ్లి సంబంధాల్లో కులం చెక్కుచెదరలేదు. పీఠాధిపతి ఎవరనేసరికి 'ఏ కులంవాడు?' అన్న ప్రశ్నే ముందు లేస్తుంది. ఒక దళితుడు కార్డినల్ కావడం మేలైన మార్పే. కానీ ఒక్క మనిషి పైకెక్కినంత మాత్రాన మెట్లన్నీ చదునైపోవు. విచారణల్లో, గురుత్వ శిక్షణలో, సంస్థల యాజమాన్యంలో దళితులకు ఎంత చోటు దక్కిందన్నదే అసలు కొలమానం. దేవుని ఎదుట అందరూ సమానమని చెప్పే మతాలు మన దేశంలో కులం ఎదుట ఎందుకు వెనకడుగు వేస్తున్నాయి? ముస్లింలలో అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అన్న తేడాలు ఎరిగినవారు ఈ ప్రశ్నను ఒక్క కథోలికులకే వదిలేసి ఊరుకోలేరు.

చట్టంలోని కులం

ఇక్కడే కథోలికుల ప్రశ్న, ముస్లింల ప్రశ్న ఒక్కటవుతాయి. షెడ్యూల్డు కులాల జాబితాకు ఆధారమైన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా ప్రకారం హిందూ మతస్థులు మాత్రమే ఎస్.సి.లు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు నేటికీ ఆ తలుపు తెరవలేదు. మతం మార్చుకున్న దళితుడు అదే పేటలో ఉంటాడు, అదే పని చేస్తాడు, అదే అవమానం దిగమింగుతాడు. కాగితం మీద మాత్రం అతను దళితుడు కాడు.

ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన ఎస్.సి.లను బి.సి.-సి గ్రూపులో ఉంచి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఎస్.సి.ల వాటా 15 శాతం. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 2007 చట్టంతో బి.సి.-ఇ కింద 4 శాతం వచ్చినా, అదీ కోర్టు కేసుల నీడలోనే నడిచింది. పైగా ఈ రెండు వర్గాలకూ ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ లేదు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయాన్నే నొక్కి చెప్పింది. క్రైస్తవ మతం స్వీకరించి ఆచరిస్తున్న వ్యక్తికి ఎస్.సి. హోదా పోతుందని, ఆ చట్టం కింద ఫిర్యాదు చెల్లదని పేర్కొంటూ కేసు కొట్టివేసింది. ఫిర్యాదుదారు కథోలికుడు కాడు, ఒక పాస్టరు. అయినా దాని ప్రభావం పేటల్లోని క్రైస్తవులందరి మీదా పడుతుంది. పోప్ ఎన్నికకు సుమారు వారం రోజుల ముందు వెలువడిన తీర్పు ఇది. రోమ్‌లో ఒక దళిత కార్డినల్ ఓటు వేయడానికి సిద్ధమవుతుండగా, ఆయన సొంత రాష్ట్రంలో దళిత క్రైస్తవుడు చట్టం దృష్టిలో దళితుడే కాడని కోర్టు తేల్చింది!

మతంతో నిమిత్తం లేకుండా ఎస్.సి. హోదా ఇవ్వాలని జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2004లో సుప్రీంకోర్టులో దాఖలైన పిటిషన్లపై ఇరవై ఏళ్లు గడిచినా తుది తీర్పు రాలేదు. కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించి, దాని గడువును ఒకటికి రెండుసార్లు పొడిగించింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులను ఎస్.సి.లలో చేర్చాలని తీర్మానించింది. ఆ తీర్మానంలో దళిత ముస్లింల ఊసు లేదన్నది గమనార్హం. అడిగేవారు విడివిడిగా అడిగితే ఇచ్చేవారు విడివిడిగానే తిప్పి పంపుతారు. ఈ పేరాను మార్చే అధికారం పోప్‌కు లేదు, పార్లమెంటుకే ఉంది. కానీ తన చర్చి లోపలి కులాన్ని తుడిచివేయని సంస్థ చట్టంలోని కులం గురించి మాట్లాడితే వినేవారు తక్కువగా ఉంటారు. పోప్ బాధ్యత అక్కడే మొదలవుతుంది.

శాంతి పలుకు

ఎన్నికైన రాత్రి కొత్త పోప్ జనానికి చెప్పిన తొలి మాట 'మీ అందరికీ శాంతి కలుగుగాక' అన్నదే. రోజుకు పదిసార్లు 'అస్సలాము అలైకుం' అనే మనకు ఆ పలకరింపు పరాయిది కాదు. మూడు రోజుల తర్వాత, మే 11న, ఆయన భారత్, పాకిస్తాన్ కాల్పుల విరమణను స్వాగతించారు. అదే సందర్భంలో గాజాలో కూడా కాల్పులు ఆగాలని కోరారు. 2025 జులైలో ఇజ్రాయెల్ దాడికి గాజాలోని ఏకైక కథోలిక చర్చి దెబ్బతిని ముగ్గురు మరణించినప్పుడు ఆ యుద్ధపు అనాగరికతను ఆపాలన్నారు. నవంబరులో టర్కీ వెళ్లి ఇస్తాంబుల్‌లోని సుల్తాన్ అహ్మద్ మసీదులో చెప్పులు విడిచి మౌనంగా నడిచారు. ముస్లింలు ఏకైక దేవుణ్ణి ఆరాధించేవారని గౌరవంగా పేర్కొన్న 1965 నాటి వాటికన్ ప్రకటన బాటలోనే, అబూధాబీలో 2019లో అల్ అజ్‌హర్ పెద్ద ఇమాముతో కలిసి మానవ సోదరభావ పత్రంపై సంతకం చేసిన ఫ్రాన్సిస్ బాటలోనే తానూ నడుస్తానని ఆయన చేతలు చెబుతున్నాయి.

ఇవన్నీ హర్షించదగినవే. కానీ మసీదు, చర్చి పెద్దల మధ్య స్నేహం ఇస్తాంబుల్‌లో కుదిరితే చాలదు. ఏలూరు జిల్లాలో పేట కథోలికుడు, పక్క వీధి ముస్లిం ఒకే హక్కు కోసం ఒకే అర్జీ మీద సంతకం పెట్టగలగాలి. పెదవేగి కథోలికులకు కొత్త పోప్ వచ్చినందుకు శుభాకాంక్షలు చెప్పడం పొరుగు ధర్మం. 1950 నాటి మూడవ పేరా తొలగేదాకా వారితో కలిసి అడగడం న్యాయ ధర్మం. మొదటి దానికి ఒక్క మాట చాలు. రెండవ దానికి ఓపిక కావాలి, ఐక్యత కావాలి. రోమ్‌లో పొగ తెల్లబడి ఎన్నిక ముగిసింది గాని, పేటల ఎదురుచూపు మాత్రం ముగియలేదు.